వైశాఖం పెళ్లిళ్లకు మొహం సిద్ధం చేసుకోవాలంటే నెల ముందే మొదలుపెట్టండి

"అక్కా, మేకప్ ఎంతసేపు ఉంటుంది?" విజయనగరంలో పెళ్లికూతుళ్లను తయారు చేసే నన్ను అందరూ మొదట అడిగేది ఇదే. మాఘమాసంలో అడిగితే తెల్లారేవరకూ ఉంటుందని ధీమాగా చెబుతాను. వైశాఖంలో అడిగితే మాత్రం, "ముందు నీ చర్మం ఎలా ఉందో చూడనీ తల్లీ" అంటాను.

ఈ పనిలోకి వచ్చిన కొత్తలో నాకు ఆ తేడా తెలియదు. మే నెలలో భోగాపురం వైపు ఒక ఊళ్లో పెళ్లి, ఇంటి ముందే పందిరి, రాత్రి పదకొండు దాటాక ముహూర్తం. చలికాలంలో వాడే చిక్కటి క్రీమే రాసి, దాని మీద మందంగా ఫౌండేషన్ వేశాను. గౌరీపూజ వరకూ పిల్ల బొమ్మలా ఉంది. అప్పుడు కరెంటు పోయింది. జనరేటరుతో లైట్లు వెలిగాయి గానీ ఫ్యాన్లు తిరగలేదు. జీలకర్ర బెల్లం వేళకు ముక్కు పక్కన గీతలు పడ్డాయి, పై పెదవి మీద చెమట చుక్కలు పేరుకున్నాయి, రుమాలుతో తుడిచిన చోటల్లా అసలు రంగు బయటపడింది. తలంబ్రాల ఫొటోల్లో ఆ పిల్ల మొహం రెండు రంగుల్లో ఉంది. వాళ్ల మేనత్త నన్ను పక్కకు పిలిచి, "ఏటమ్మా, మొహానికి సున్నం వేసినావా?" అంది. ఏం సమాధానం చెప్పను?

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. రోళ్ల సంగతేమో గానీ ఫౌండేషన్ పగలడం మాత్రం కళ్లారా చూశాను. మన వైపు ఎండాకాలంలో మేకప్ నిలవాలంటే పెళ్లికి నెల ముందే చర్మం మీద పని మొదలవ్వాలి. పెళ్లిరోజు వేసేది ఎంత తగ్గితే అంత మంచిది.

మన వైపు అని పనిగట్టుకుని ఎందుకంటున్నానంటే, ఫోన్లో కనిపించే చిట్కాల్లో సగం ఢిల్లీ, జైపూర్ లాంటి పొడి వేడి ఊళ్ల కోసం చెప్పినవి. పార్వతీపురం, పాలకొండ లాంటి లోపలి ఊళ్లలో మధ్యాహ్నం వడగాలికి మొహం చుర్రుమంటుంది, చర్మం లాగినట్టు ఉంటుంది. కళింగపట్నం, బారువ, పూసపాటిరేగ లాంటి సముద్రం పక్క ఊళ్లలో డిగ్రీలు తక్కువే చూపిస్తాయి, కానీ గాలిలో తేమ వల్ల చెమట ఆరదు. ఒళ్లు చల్లబడేది చెమట ఆరితేనే కదా. ఆరని చెమట మొహం మీదే నిలబడి, పైన రాసిన క్రీమునూ పౌడర్నీ కిందికి లాక్కొస్తుంది. అందుకే లోపలి ఊళ్ల అమ్మాయికి పనిచేసిన క్రీము తీరం ఊళ్ల అమ్మాయికి జిడ్డుగా అనిపిస్తుంది. తీరం వైపు వాళ్లు జెల్ రకం మాయిశ్చరైజర్ తీసుకోండి. లోపలి ఊళ్ల వాళ్లకు రాత్రిపూట కాస్త క్రీము రకమే ఉండాలి.

ముందు మానేయాల్సినవి చెబుతాను. నా దగ్గరకు వచ్చే ఇబ్బందుల్లో ఎక్కువ భాగం ఏదో రాయకపోవడం వల్ల వచ్చినవి కావు, రాయకూడనిది రాయడం వల్ల వచ్చినవి.

మొదటిది నిమ్మకాయ. తెల్లబడతామని నిమ్మచెక్క మొహానికి రుద్దుకుని, సరిగా కడుక్కోకుండా డాబా మీదికో బజారుకో వెళతారు. నిమ్మరసంలో ఉండే కొన్ని పదార్థాలు ఎండలోని అతినీలలోహిత కిరణాలు తగిలితే చర్మాన్ని కాలుస్తాయి. ఆ రోజు ఏమీ తెలియదు. ఒకటి రెండు రోజుల్లో ఎర్రబడుతుంది, ఒక్కోసారి బొబ్బలెక్కుతుంది, ఆ తర్వాత నల్లటి మచ్చ నెలల తరబడి ఉండిపోతుంది. పెళ్లి పది రోజులుందనగా ఒకమ్మాయి ఇలాగే బుగ్గ మీద నిమ్మరసం కారిన చారతో వచ్చింది. చార ఎలా కారిందో అలాగే నల్లగా, గీత గీసినట్టు ఉంది. పెళ్లిలో దాన్ని కప్పడానికే నాకు అరగంట పట్టింది.

రెండోది మన జిల్లాల్లో మామూలుగా ఎదురయ్యే ప్రమాదం, మామిడి సొన. సువర్ణరేఖ కోతల రోజుల్లో తోటలున్న ఇళ్లలో పిల్లలు, పెద్దలు అంతా కాయల మధ్యే ఉంటారు. తొడిమ తుంచగానే కారే సొన మొహాన తగిలితే కాలినట్టే మచ్చ పడుతుంది. పలాస వైపు జీడిపప్పు పనిలో ఉన్న వాళ్లకు ఇది కొత్త కాదు, జీడిగింజ పెంకులోని నూనె చేతుల్ని ఏం చేస్తుందో వాళ్లకు బాగా తెలుసు. మామిడి, జీడి ఒక కుటుంబం చెట్లే మరి. పెళ్లి కుదిరిన పిల్లను ఆవకాయ కాయలు తుడిచే పనికి కూర్చోబెట్టకండి. సొన తగిలితే వెంటనే సబ్బునీళ్లతో కడగాలి, తుడిచి ఊరుకుంటే చాలదు.

మూడోది అన్నిటికంటే చెడ్డది. మందుల షాపులో చిన్న ట్యూబు కొని, "ఇది రాస్తే వారంలో తెల్లబడతావు" అని ఒకరికొకరు చెప్పుకునే క్రీములు. వాటిలో చాలా వరకు స్టిరాయిడ్ ఉన్నవే. మొదటి వారం మొహం మెరుస్తుంది, నిజమే. ఆ తర్వాత చర్మం పలచబడుతుంది, ఎర్రటి నరాలు కనిపిస్తాయి, మొటిమలు వస్తాయి, మానేస్తే మంట. ఎండలోకి వెళితే ఇంకా మంట. తామరకు రాస్తే దురద తగ్గినట్టే తగ్గి, తామర నిశ్శబ్దంగా పాకుతుంది. డాక్టరు చీటీ లేకుండా ఇలాంటివి మొహానికి రాయకూడదు. ఇప్పటికే నెలల తరబడి వాడుతుంటే నా దగ్గరకు కాదు, చర్మవ్యాధుల డాక్టరు దగ్గరకు వెళ్లండి. ఒక్కసారిగా ఆపడం కూడా వాళ్లను అడిగే చేయాలి. పేరు, తయారీ వివరాలు లేని తెల్లబడే క్రీములైతే అసలు ముట్టుకోవద్దు. అలాంటి వాటిలో పాదరసం కలిపేవి ఉంటాయి, అది కిడ్నీలను దెబ్బతీస్తుంది.

బ్లీచ్, ఫేషియల్, వ్యాక్సింగ్ గురించి ఒక్క మాట. పాత చర్మం పోయి కొత్త చర్మం పైకి రావడానికి సుమారు నాలుగు వారాలు పడుతుంది, అందుకే నెల ముందు అంటున్నాను. కొత్తది ఏదైనా ముందు మోచేతి లోపలి వైపు రాసి రెండు రోజులు చూడండి. పెళ్లికి ముందు వారం మొహం మీద కొత్త ప్రయోగం ఏదీ వద్దు. ఎవరెంత బతిమాలినా నేను చేయను.

ఇక సన్‌స్క్రీన్. "ఇంట్లోనే ఉంటాను కదక్కా" అంటారు. శ్రీకాకుళం నుంచి విశాఖకు బస్సులో రోజూ కిటికీ పక్క సీట్లో కూర్చునే వాళ్ల కుడిచెయ్యి, ఎడమచెయ్యి పక్కపక్కన పెట్టి చూడమనండి. మనల్ని నల్లబరిచే కిరణాలు అద్దంలోంచి కూడా వస్తాయి. మబ్బు పట్టినా వస్తాయి. సముద్రం ఒడ్డున ఇసుక మీంచి తిరిగి పైకి కొడతాయి, గొడుగు వేసుకున్నా సరే.

ఎస్‌పీఎఫ్ 30 ఉన్నది కాల్చే కిరణాల్లో సుమారు 97 శాతాన్ని ఆపుతుంది, 50 ఉన్నది సుమారు 98 శాతాన్ని. తేడా అంతే. కాబట్టి అంకె కోసం ఖరీదైనది కొని, గోరంత రాసుకుని పొదుపు చేసే కంటే, అందుబాటు ధరలో 30 కొని సరిపడా రాయడం మేలు. సరిపడా అంటే చూపుడు వేలు, మధ్య వేలు పొడవునా రెండు గీతలు, మొహానికీ మెడకూ. చెవులు మరిచిపోతారు, బుట్టలు పెట్టేటప్పుడు నల్లటి చెవులు బయటపడతాయి. నల్లబరిచే కిరణాలను ఎంత ఆపుతుందో చెప్పేది పీఏ, డబ్బా మీద దాని పక్కన ప్లస్ గుర్తులు కనీసం మూడు ఉన్నాయో లేదో చూడండి. బయటకు వెళ్లడానికి ఇరవై నిమిషాల ముందు రాయాలి, ఎండలో ఉంటే రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి. మంగు మచ్చలున్న ఆడవాళ్లకు ఇది సింగారం కాదు, సగం వైద్యం.

ఆదివారం అరసవల్లి దర్శనానికి వెళ్లి లైన్లో గంటలు నిలబడే వాళ్లకు కూడా ఇదే చెబుతాను. సూర్యనారాయణమూర్తికి దణ్ణం పెట్టుకుందాం, కానీ వీలైతే పొద్దున్నే వెళదాం.

పెళ్లిరోజుకు వద్దాం. ఉత్తరాంధ్ర పెళ్లిళ్లలో నన్ను అన్నిటికంటే కంగారు పెట్టేది మంగళస్నానం. పెద్దవాళ్లు ప్రేమగా నలుగు పెడతారు, గరుకు సున్నిపిండితో మొహం కందేలా రుద్దుతారు. పసుపు మొహం మీద పట్టేస్తుంది, గంట తర్వాత నేను వేసే రంగు దాని మీద బూడిద తిరిగినట్టు కనిపిస్తుంది. ఆచారం మానమని నేననను, అనడానికి నేనెవరిని? ముందురోజే ఆ అమ్మమ్మకో పెద్దమ్మకో చెప్పుకోండి: "మొహానికి ఊరికే తాకించండి, చేతులకూ కాళ్లకూ ఎంతైనా పెట్టండి." అర్థం చేసుకుంటారు. స్నానం అయ్యాక కనీసం అరగంట ఫ్యాన్ కింద కూర్చోవాలి. ఒళ్లు వేడిగా ఉండగా, చెమట పడుతుండగా ఏది రాసినా కారిపోతుంది.

అప్పుడు పలచటి బట్టలో చుట్టిన ఐసు ముక్క మొహం మీద అద్దాలి. నేరుగా రుద్దితే చర్మం కాలుతుంది. తర్వాత జెల్ మాయిశ్చరైజర్, ఐదు నిమిషాలు ఆగడం. పగటి ముహూర్తమైతే సన్‌స్క్రీన్, మళ్లీ పది నిమిషాలు ఆగడం. ఈ ఆగడమే ఎవరికీ నచ్చదు. "బేగి కానివ్వమ్మా, పంతులుగారు పిలుస్తున్నారు" అని తలుపు కొడుతూనే ఉంటారు. ఆగకుండా ఒకదాని మీద ఒకటి రాస్తే రబ్బరు ముక్కల్లా నలకలు నలకలుగా లేస్తుంది. నీళ్లతో చేసిన ఫౌండేషన్ కింద సిలికోన్ ప్రైమర్ వేసినా ఒక్కోసారి అదే గతి. కాబట్టి వాడే సామానంతా కలిపి ఆ చివరి వారానికి ముందే ఒకరోజు వేసి, ఎండలో నాలుగు అడుగులు నడిచి చూడాలి.

ఫౌండేషన్ నుదురు మధ్య, ముక్కు పక్కన, గడ్డం దగ్గర మాత్రమే, అదీ తడి స్పాంజితో అద్దుతూ రెండు పలచటి పొరలుగా. ఒక్క మందపు పొర కంటే రెండు పలచటి పొరలు ఎక్కువసేపు ఉంటాయి. సంక్రాంతికి కొన్న రంగు మే నెలకు సరిపోదు, ఎండకు అందరం ఒక ఛాయ తగ్గుతాం. దవడ మీద రాసి, పగటి వెలుతురులో మెడతో పోల్చి చూసుకోండి. పౌడర్ రుద్దకూడదు, అద్దాలి. పీటల మీద చెమట పడితే తుడవకుండా టిష్యూ ఆనించి తీయాలి. పక్కన కూర్చునే తోడిపెళ్లికూతురికి ఈ ఒక్క పనీ నేర్పి వస్తాను.

రాత్రి పెళ్లికి, ఫ్లాష్ ఫొటోలకు తెల్లటి పొర కనిపించే జింక్ రకం సన్‌స్క్రీన్ వద్దు. ఎండే లేనప్పుడు అది దేనికి?

బొట్టు, నగల సంగతి చాలామంది పట్టించుకోరు. స్టిక్కర్ బొట్టు జిగురులో ఉండే కొన్ని రసాయనాలు రోజూ ఒకేచోట తగిలితే నుదుట తెల్లమచ్చ వస్తుంది, చెమటకు ఇది ఇంకా ఎక్కువ. దురద మొదలైతే ఆ రోజే మానేయండి. కుంకుమ పెట్టాలంటే కింద చుక్క మైనం రాసి పెట్టండి, చెమటకు ముక్కు మీదకు కారదు. చాలా రోల్డ్ గోల్డ్ హారాల్లో నికెల్ ఉంటుంది, అది పడని వాళ్లకు చెమట తగిలితే మెడ చుట్టూ ఎర్రటి దద్దుర్లు. పెళ్లికి అద్దెకు తెచ్చిన సెట్లతోనే ఇది ఎక్కువగా చూశాను. ఆ దద్దుర్లు ఒకటి రెండు రోజులు ఆగి కూడా రావచ్చు, అందుకే కొన్ని రోజుల ముందే కాసేపు వేసుకుని చూడండి. సెంటు మెడ మీద కాదు, చీర కుచ్చిళ్ల మీద కొట్టుకోండి. కాటుక, మస్కారా బ్రష్ ఎవరితోనూ పంచుకోవద్దు, కళ్లకలక అంటుకుంటుంది. మగపెళ్లివారి గదిలో ఇవేవీ ఉండవు గానీ, పెళ్లికొడుకు పొద్దున్నే గీసుకున్న గడ్డం మీద పటిక రుద్దుకుని మంటతో వచ్చిన సందర్భాలూ ఉన్నాయి. ముందురోజు సాయంత్రమే గీసుకుంటే పోతుంది.

ఇక ఉపవాసం. ముహూర్తం వరకూ ఏమీ తినకూడదని పట్టుచీర, నగలు, మేకప్‌తో పిల్లను ఎండబెట్టేస్తారు. పెద్దవాళ్లను అడిగి కొబ్బరినీళ్లో, ఉప్పేసిన మజ్జిగో స్ట్రాతో తాగించండి, లిప్‌స్టిక్ చెదరదు. ముందు వారమంతా చోడి అంబలి, తరవాణి, ముంజలు, ఏది దొరికితే అది. కళ్లు తిరిగితే నగలు తీసి, నీడలో పడుకోబెట్టి, తడిబట్టతో తుడిచి గాలి తగలనివ్వాలి. ఒళ్లు కాలిపోతూ, మాట తడబడుతూ, తికమకగా ఉంటే అది వడదెబ్బ. మేకప్ గురించి ఆలోచించకండి, 108కి ఫోన్ చేయండి, ఈలోపు ఒంటి మీద నీళ్లు పోస్తూ ఉండండి. స్పృహ సరిగా లేని మనిషి నోట్లో మాత్రం నీళ్లు పోయకూడదు.

సామాను స్కూటీ డిక్కీలో పెట్టి ఎండలో ఆపకండి. ఒకసారి అలా రెండు లిప్‌స్టిక్‌లు, ఒక సన్‌స్క్రీన్ పోగొట్టుకున్నాను. సన్‌స్క్రీన్ పైకి బాగానే ఉంది గానీ వేడికి విరిగి నీళ్లు వేరుగా తేలింది. తడి స్పాంజి డబ్బాలో మూసిపెడితే మన తేమకు రెండు రోజుల్లో బూజు పడుతుంది.

తెల్లవారుజామున అప్పగింతలయ్యాక మేకప్‌తోనే నిద్రపోకండి. మేకప్ తీసే బామ్‌తో మెల్లగా కరిగించి, తర్వాత ఫేస్‌వాష్‌తో కడగాలి. మొటిమలు లేని వాళ్లు కొబ్బరినూనె వాడుకోవచ్చు. ఒంటి సబ్బుతో మొహం గీకకండి. చెమటకాయలు లేస్తే పౌడర్ డబ్బా గుమ్మరించకుండా చల్లటి నీళ్లు, కాలమిన్ లోషన్, నూలు బట్టలు. మర్నాడు అన్నవరం వ్రతానికి బయలుదేరేటప్పుడు పెళ్లికూతుళ్లు తప్పకుండా ఫోన్ చేస్తారు, ఈరోజు ఏం వెయ్యాలక్కా అని. సన్‌స్క్రీన్, కాటుక, కుంకుమ. కారులో ఎండ తగలని వైపు కూర్చోమంటాను.