ఎక్స్‌రే గది గోడ నుంచి 1948 దాకా: అణు నియంత్రణ చట్టాల చరిత్రను చదివే పద్ధతి

అణుశక్తి చట్టాలంటే కల్పాక్కం, కూడంకుళం వంటి చోట్ల ఉన్న రియాక్టర్లకు సంబంధించినవని, హైదరాబాదులో ఉన్న మనకు వాటితో పని పడదని చాలామంది అనుకుంటారు. కుషాయిగూడలో ఉంటూ, అణు ఇంధనం తయారుచేసే ఎన్‌ఎఫ్‌సీ, అణుశక్తి విభాగపు ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ పేర్లను రోజూ బస్సు బోర్డుల మీద చదువుతూ కూడా నేను చాలాకాలం అలాగే అనుకున్నాను. మా అమ్మ మోకాలికి ఎక్స్‌రే తీయించిన రోజున ఆ గది బయట అణుశక్తి నియంత్రణ మండలి, అంటే ఏఈఆర్‌బీ, ఇచ్చిన పత్రం కనిపించకపోవడంతో అక్కడివారిని అడిగాను. "సార్ దగ్గర ఉంటుందండీ" అన్నారు. ఆ పత్రం ఏ చట్టం కింద ఇస్తారో, ఇచ్చే మండలికి ఆ అధికారం ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకుందామని వెతకడం మొదలుపెట్టాను. న్యాయశాస్త్రం చదవనివారు కూడా ఈ చరిత్రను సొంతంగా చదువుకోవచ్చని ఆ వెతుకులాటలోనే నాకు అర్థమైంది. నేను అనుసరించిన పద్ధతినే ఇక్కడ వివరిస్తున్నాను.

పద్ధతి ఇది. ప్రభుత్వ కాగితం ఏదైనా మరో కాగితం మీద ఆధారపడి నిలబడుతుంది. కాబట్టి చరిత్రను పాతకాలం నుంచి ముందుకు చదవడానికి బదులు, చేతిలో ఉన్న కాగితం నుంచి వెనక్కి నడవాలి. ప్రతి మెట్టు దగ్గర ఆగి రెండు ప్రశ్నలు వేసుకోవాలి: ఈ కాగితం రాసినవారికి ఆ అధికారం ఎవరిచ్చారు? వారు ఎవరికి జవాబు చెప్పుకోవాలి? అణు నియంత్రణ చరిత్రలో మొదటి ప్రశ్నకు జవాబు సులభంగానే దొరుకుతుంది. రెండో ప్రశ్న దగ్గరే ఎక్కువసేపు ఆగవలసి వస్తుంది.

గోడ మీది పత్రం నుంచి మొదలుపెట్టండి

మామూలు ఎక్స్‌రే యంత్రానికి రిజిస్ట్రేషన్, సీటీ స్కాన్ యంత్రానికి లైసెన్సు ఉండాలి. ఈ తేడా 2004 నాటి అణుశక్తి రేడియేషన్ రక్షణ నిబంధనల్లో ఉంది. ఆ నిబంధనలు తెరిచినప్పుడు, ఫలానా చట్టంలోని ఫలానా సెక్షన్ల ద్వారా సంక్రమించిన అధికారాలను వినియోగిస్తూ వీటిని జారీ చేస్తున్నామని చెప్పే పొడవైన వాక్యం మొదట్లోనే కనబడుతుంది. చాలామంది దాన్ని లాంఛనమనుకుని దాటేస్తారు, కాని మొత్తం చరిత్రకు తాళంచెవి ఆ వాక్యంలోనే ఉంది. అందులోని సెక్షన్ల అంకెలను ఒక కాగితం మీద రాసుకోండి. అవి మిమ్మల్ని 1962 అణుశక్తి చట్టానికి చేరుస్తాయి. 1971 నాటి పాత నిబంధనల స్థానంలో ఇవి వచ్చాయని కూడా అక్కడే తెలుస్తుంది. అంటే ఒక్క వాక్యం చదివితే మూడు మెట్లు దొరికినట్టే.

1962 చట్టం దొరికాక దాన్ని మొదటి నుంచి చివరి దాకా ఏకబిగిన చదవనక్కరలేదు. సెక్షన్ 3 కేంద్ర ప్రభుత్వ సాధారణ అధికారాలను, 16, 17 సెక్షన్లు రేడియోధార్మిక పదార్థాల నియంత్రణను, భద్రతను, సెక్షన్ 18 సమాచారాన్ని వెల్లడించడంపై ఆంక్షలను, సెక్షన్ 22 అణు విద్యుత్తు ధరలను, సెక్షన్ 30 నిబంధనలు రూపొందించే అధికారాన్ని చెబుతాయి. ఇన్ని సెక్షన్లు వెతికినా, దేశమంతటా ఎక్స్‌రే గదులను తనిఖీ చేసే అణుశక్తి నియంత్రణ మండలి పేరు ఈ చట్టంలో ఎక్కడా కనబడదు.

ఇది ముద్రణలో జరిగిన పొరపాటేమోనని నేను చట్టాన్ని రెండుసార్లు తిరగేశాను. పొరపాటేమీ లేదు. ఏఈఆర్‌బీ 1983 నవంబరు 15న ఒక నోటిఫికేషన్ ద్వారా ఏర్పడింది. ప్రభుత్వం తన అధికారాలను మరొకరికి అప్పగించవచ్చని చెప్పే సెక్షన్ 27 దానికి ఆధారం. పార్లమెంటు చట్టం ద్వారా పుట్టిన సంస్థను మార్చాలంటే మళ్లీ పార్లమెంటుకే వెళ్లాలి, నోటిఫికేషన్ ద్వారా పుట్టిన సంస్థను మార్చడానికి మరో నోటిఫికేషన్ చాలు. మనం వేసుకున్న మొదటి ప్రశ్నకు దొరికిన ఈ జవాబులోనే ఆ తర్వాతి నలభై ఏళ్ల వివాదమంతా ఉంది.

ఇప్పుడు రెండో ప్రశ్న. 1962 చట్టం కింద ఏఈఆర్‌బీ అణుశక్తి కమిషన్‌కు జవాబు చెప్పుకోవాలి. ఆ కమిషన్ అధ్యక్షుడే అణుశక్తి విభాగానికి కార్యదర్శి. రియాక్టర్లు నడిపే అణు విద్యుత్ కార్పొరేషన్, మన ఊళ్లో ఇంధన గుళికలు తయారుచేసే ఎన్‌ఎఫ్‌సీ, రెండూ ఆ విభాగం కిందివే. తనిఖీ చేసేవారూ, తనిఖీకి గురయ్యేవారూ చివరికి ఒకే కుర్చీకి నివేదించుకునే ఏర్పాటు ఇది. ఏఈఆర్‌బీలో పనిచేసిన నిపుణుల నిజాయితీని నేను శంకించడం లేదు. మనుషులు ఎంత మంచివారైనా ఏర్పాటులోని లోపం లోపమే.

పక్కనే విద్యుత్ చట్టాన్ని పెట్టుకుని చదవండి

ఒక చట్టాన్ని ఒంటరిగా చదివితే అందులో ఏది మామూలు, ఏది అసాధారణం అనేది తెలియదు. అందుకని పోలికకు మరొకటి ఎంచుకోవాలి. మనకు అందుబాటులో ఉన్న మంచి పోలిక విద్యుత్తుదే. 1948లో రెండు చట్టాలు వచ్చాయి: ఒకటి రాష్ట్రాల విద్యుత్ బోర్డులకు పునాది వేసిన విద్యుత్ సరఫరా చట్టం, రెండోది మొదటి అణుశక్తి చట్టం. ఒకే ఏడాది పుట్టిన ఈ రెండూ ఎంత వేర్వేరు దారుల్లో నడిచాయో చూడాలంటే ముందుగా రాజ్యాంగం ఏడో షెడ్యూలు తెరవాలి. విద్యుత్తు ఉమ్మడి జాబితాలో 38వ అంశం. అణుశక్తి, దానికి కావలసిన ఖనిజ వనరులు కేంద్ర జాబితాలో 6వ అంశం. విద్యుత్తుపై రాష్ట్రం కూడా చట్టం చేయగలదు, అణుశక్తిపై చేయలేదు.

ఈ తేడా మన రాష్ట్ర చరిత్రలో స్పష్టంగా కనిపిస్తుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ 1998లో విద్యుత్ సంస్కరణల చట్టం చేసింది. 1999 ఫిబ్రవరి 1న విద్యుత్ బోర్డును ఉత్పత్తికి జెన్‌కో, సరఫరాకు ట్రాన్స్‌కోలుగా విడదీశారు. విద్యుత్ నియంత్రణ మండలి ఏర్పడింది, ఛార్జీలపై బహిరంగ విచారణలు మొదలయ్యాయి. పెరిగిన ఛార్జీలకు వ్యతిరేకంగా 2000 ఆగస్టు 28న జరిగిన ఉద్యమంలో బషీర్‌బాగ్ దగ్గర పోలీసు కాల్పుల్లో ముగ్గురు ప్రాణాలు కోల్పోయారు. విద్యుత్ చట్టాల చరిత్రను చదివే హైదరాబాదు మనిషి ఆ తేదీని దాటి వెళ్లలేడు, వెళ్లకూడదు. 2003 విద్యుత్ చట్టం దేశమంతటికీ ఒకే చట్రాన్ని తెచ్చింది. ఈనాటికీ మన డిస్కంలు, అంటే విద్యుత్ పంపిణీ సంస్థలు, ఛార్జీలు పెంచాలంటే విద్యుత్ నియంత్రణ మండలి ముందు లెక్కలు పెట్టాలి, మామూలు వినియోగదారు కూడా అక్కడ లేచి నిలబడి అభ్యంతరం చెప్పవచ్చు.

అదే డిస్కంలు కల్పాక్కం, కైగా అణు కేంద్రాల నుంచి కొనే కరెంటు ధర సంగతి వేరు. 1962 చట్టంలోని సెక్షన్ 22 ప్రకారం ఆ ధరను కేంద్రం, విద్యుత్ ప్రాధికార సంస్థను సంప్రదించి, తానే నిర్ణయించింది. మన ఇంటికి వచ్చే తీగ ఒకటే అయినా, అందులో ఒక పాయ ధర గురించి విచారణలో మాట్లాడవచ్చు, మరో పాయ ధర మాత్రం నిర్ణయమై వస్తుంది. టారిఫ్ ఉత్తర్వులోని కొనుగోళ్ల పట్టికలో అణు కేంద్రాల వరుసను వెతికి చూస్తే ఈ సంగతి బోధపడుతుంది.

నల్లమలలో యురేనియం తవ్వకాలకు వ్యతిరేకంగా తెలంగాణ శాసనసభ 2019 సెప్టెంబరులో తీర్మానం చేసినప్పుడు చాలామంది దాన్ని చట్టంతో సమానంగా భావించారు. పైన చెప్పిన 6వ అంశం గుర్తుంటే ఆ తీర్మానం ప్రజల మాటను కేంద్రానికి బలంగా వినిపించిందే తప్ప, చట్టపరంగా కేంద్రం చేతులు కట్టెయ్యలేదని తెలుస్తుంది. అణు ఖనిజాల అన్వేషణ సంస్థ ప్రధాన కార్యాలయం మన బేగంపేటలోనే ఉన్నా, దానిపై అధికారం ఢిల్లీదే.

తేదీలు రెండేసి రాసుకోండి

ఈ రంగంలో కొత్తవారు ఎక్కువగా తప్పులు చేసేది ఇక్కడే. చట్టానికి రాష్ట్రపతి ఆమోదం లభించిన తేదీ ఒకటి, అది అమలులోకి వచ్చిన తేదీ మరొకటి. అణు నష్టానికి పౌర బాధ్యత చట్టానికి 2010 సెప్టెంబరులో ఆమోదం లభించింది. అది అమలులోకి వచ్చింది 2011 నవంబరు 11న. మధ్యలో, 2011 మార్చిలో, ఫుకుషిమా ప్రమాదం జరిగింది. ఒక్క తేదీయే రాసుకున్నవారు ఈ చట్టం ఫుకుషిమాకు స్పందనగా వచ్చిందని పొరబడతారు. నిజానికి 2010 చర్చల మీద పడిన నీడ భోపాల్ గ్యాస్ దుర్ఘటనది.

ఆ చట్టంలోని అంకెలను కూడా మన ఊరి దృష్టితో చదవాలి. పత్రికల్లో ఎప్పుడూ కనిపించే 1500 కోట్ల రూపాయల పరిమితి 10 మెగావాట్లు, ఆపైన ఉష్ణ సామర్థ్యం ఉన్న రియాక్టర్లకు. వాడిన ఇంధనాన్ని తిరిగి శుద్ధిచేసే కర్మాగారాలకు 300 కోట్లు. అవి కాని ఇతర ఇంధన కర్మాగారాలకు 100 కోట్లు మాత్రమే. మా ఇళ్లకు దగ్గర్లో ఉన్న ఎన్‌ఎఫ్‌సీ ఇంధన కర్మాగారం. ఇంకా రియాక్టరులో వాడని యురేనియంతో పనిచేసే చోట ప్రమాద స్వభావం రియాక్టరు ప్రమాదంలా ఉండదు కాబట్టి తక్కువ పరిమితికి కారణం ఉంది. అయినా ఆ అంకె ఇక్కడివారికి తెలిసి ఉండాలి.

సభలో జరిగిన చర్చ చదవండి

చట్టంలోని వాక్యం ఏం జరగాలో చెబుతుంది. ఎందుకనేది సభా చర్చల్లో దొరుకుతుంది. 1948 ఏప్రిల్‌లో రాజ్యాంగ సభ శాసన విభాగంలో నెహ్రూ అణుశక్తి బిల్లును ప్రవేశపెట్టినప్పుడు, ఎస్.వి. కృష్ణమూర్తి రావు లేచి ఈ బిల్లులోని గోప్యత బ్రిటన్, అమెరికా చట్టాలకన్నా ఎక్కువగా ఉందని అభ్యంతరం చెప్పారు. శాంతి ప్రయోజనాలను, రక్షణ ప్రయోజనాలను ఎలా వేరు చేయాలో తనకు తెలియడం లేదని నెహ్రూ సూటిగానే ఒప్పుకున్నారు. ఆ పేజీలు చదువుతున్నప్పుడు నాకు కొంచెంసేపు పుస్తకం మూయబుద్ధి కాలేదు. 1962 చట్టంలోని సెక్షన్ 18కు వేళ్లు అక్కడే ఉన్నాయి. ఏఈఆర్‌బీ తయారుచేసిన ఒక భద్రతా నివేదికను బయటపెట్టాలంటూ పౌర హక్కుల సంస్థ పీయూసీఎల్ వేసిన కేసులో 2004లో సుప్రీంకోర్టు ఆ సెక్షన్‌ను సమర్థించింది.

అమెరికా కూడా మొదట్లో ఇదే దారిలో నడిచింది. ప్రోత్సహించే పనీ, నియంత్రించే పనీ ఒకే కమిషన్‌కు అప్పగించి, విమర్శలు పెరిగాక 1974 చట్టంతో దాన్ని విడదీసి ప్రత్యేక నియంత్రణ కమిషన్‌ను ఏర్పాటు చేసింది. మన దగ్గర అలాంటి ప్రయత్నం 2011 సెప్టెంబరులో లోక్‌సభకు వచ్చిన అణు భద్రతా నియంత్రణ ప్రాధికార సంస్థ బిల్లు. 2014లో లోక్‌సభ రద్దుతో అది మురిగిపోయింది. మురిగిపోయిన బిల్లులను కూడా చదవండి. ప్రభుత్వం ఏ లోపాన్ని గుర్తించిందో, దాన్ని ఎంతవరకు సరిదిద్దడానికి సిద్ధపడిందో వాటిలో తెలుస్తుంది.

దానితోపాటు 2012 ఆగస్టులో పార్లమెంటు ముందుకు వచ్చిన కాగ్ నివేదికను తప్పనిసరిగా తెరవండి. దేశంలో నడుస్తున్న 57,443 వైద్య ఎక్స్‌రే కేంద్రాల్లో ఏఈఆర్‌బీ దగ్గర నమోదైనవి 5,270 మాత్రమేనని, తక్కిన 91 శాతం నమోదు లేకుండానే పనిచేస్తున్నాయని అందులో ఉంది. మండలికి చట్టపరమైన స్వతంత్రత లేదన్న సంగతినీ, ఎక్స్‌రే గదుల సంగతినీ ఒకే నివేదికలో చూసినప్పుడు, "సార్ దగ్గర ఉంటుందండీ" అన్న జవాబు వెనక ఎంత చరిత్ర ఉందో నాకు అర్థమైంది.

2025 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన, శాంతి (SHANTI) అనే పొట్టి పేరున్న కొత్త అణుశక్తి చట్టం 1962, 2010 చట్టాల స్థానంలో రావడానికి ఉద్దేశించింది. అది ప్రైవేటు సంస్థలకు తలుపు తెరిచింది, ఏఈఆర్‌బీకి చట్టబద్ధమైన హోదా కల్పించింది. దీన్ని చదివేటప్పుడు పై పద్ధతినే వాడండి. ముందుగా అమలు తేదీల నోటిఫికేషన్లను గెజిట్‌లో చూడండి. తర్వాత పాత చట్టాల రద్దు, పాత నిబంధనల కొనసాగింపు గురించిన సెక్షన్ చదవండి. గోడ మీది పత్రం ఇకపై దేని మీద నిలబడుతుందో చెప్పేది అదే. చివరికి సభ్యులను ఎవరు నియమిస్తారు, ఎవరు తొలగించగలరు అన్న సెక్షన్ల దగ్గర ఆగి రెండో ప్రశ్న మళ్లీ వేసుకోండి.

కాగితాలు దొరికే చోట్లు

చట్టాలు, సవరణలు ఇండియా కోడ్ వెబ్‌సైట్‌లోనూ, నోటిఫికేషన్లు ఈ-గెజిట్‌లోనూ, చర్చలు పార్లమెంటు డిజిటల్ లైబ్రరీలోనూ ఉచితంగా దొరుకుతాయి. తెర మీద చదవలేనివారు అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయానికి వెళ్లి, చట్టం పేరుతో అడగడం కన్నా సంవత్సరం, చట్టం సంఖ్య చెప్పి అడగడం మంచిది. మొదటి అణుశక్తి చట్టం 1948లో 29వది, రెండోది 1962లో 33వది.

ఎక్కడా దొరకని కాగితానికి సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో దరఖాస్తు పెట్టవచ్చు. జవాబుకు గడువు 30 రోజులు. మా ప్రాంతంలో అన్నీ సక్రమంగా ఉన్నాయా అని అడిగితే అది అభిప్రాయం అడిగినట్టవుతుంది, తిరస్కరిస్తారు. ఫలానా చిరునామాలోని ఎక్స్‌రే యంత్రానికి ఇచ్చిన రిజిస్ట్రేషన్ నకలు, దాని సంఖ్య, అది ఏ తేదీ వరకు చెల్లుతుందన్న వివరం, చివరి తనిఖీ జరిగిన తేదీ కావాలని రాయండి. దేశ భద్రత, వ్యూహాత్మక ప్రయోజనాల పేరుతో సెక్షన్ 8(1)(ఎ) కింద నిరాకరించడానికి ఎక్స్‌రే యంత్రం విషయంలో ఆస్కారం లేదు. ఒకవేళ నిరాకరిస్తే 30 రోజుల్లోగా మొదటి అప్పీలు వేయాలి.