కడుపునొప్పంతా గ్యాస్ కాదు: ఎక్కడ నొస్తే ఏమిటి, ఏం చేయాలి

చిత్తూరులో మా మెడికల్ షాపులో రోజూ వినబడే మాట, "అన్నా, గ్యాస్ మాత్ర ఒకటి ఇయ్యి". ఎక్కడ నొస్తోంది, ఎప్పుడు మొదలైంది అని రెండు ప్రశ్నలు అడిగితే చాలు, అది గ్యాస్ కాదని చాలాసార్లు అక్కడే తెలిసిపోతుంది. అందుకే మాత్ర పేరు కాదు, ముందు నొప్పి చోటు చెప్పండి.

బొడ్డు చుట్టూ మొదలై కొన్ని గంటల్లో కుడివైపు కిందికి దిగిందా?

మన పల్లెల్లో ఇరవైనాలుగు గంటల నొప్పి అంటారే, అదే అపెండిసైటిస్, అంటే పెద్దపేగుకు చిన్న తోకలా వేలాడే అపెండిక్స్ వాచడం. ఆకలి ఉండదు, వాంతి వచ్చేట్టుంటుంది, ఒళ్లు కొద్దిగా వెచ్చబడుతుంది, దగ్గినా బండి గుంతలో పడినా అక్కడే కలుక్కుమంటుంది. మా మేనత్త కొడుకు రెండు రోజులు సోడాలు, జీలకర్ర నీళ్లు, చివరికి ఆముదం కూడా తాగాడు. నొప్పి ఉన్నట్టుండి తగ్గేసరికి నయమైందనుకున్నాం, నిజానికి లోపల అపెండిక్స్ పగిలింది. తెల్లారేసరికి కడుపు చెక్కలా బిగుసుకుపోయింది, తిరుపతికి తీసుకుపోతే ఆపరేషన్ చేసి చీమంతా కడిగారు. మొదటి రోజే పోయుంటే చిన్న కోతతో పోయేది. ఈ అనుమానం ఉంటే భేదిమందు, కాపడం రెండూ వద్దు, ఏమీ తినకుండా నేరుగా సర్జన్ ఉన్న చోటికి పోండి.

పైకడుపులో మంటా?

తిన్నాక మంట ఛాతీలోకి ఎగదన్నుతూ, పుల్లటి తేన్పులు వస్తూ, పడుకుంటే ఎక్కువవుతుంటే ఆహారనాళం కింద ఉండే మూత వదులై యాసిడ్ పైకి వస్తోందని అర్థం. రాత్రి భోజనానికీ నిద్రకీ మధ్య కనీసం రెండు మూడు గంటలుండాలి, మంచం తలవైపు ఎత్తు పెట్టుకోవాలి. యాసిడ్ తగ్గించే పాంటాప్రజోల్ మాత్ర పొద్దున టిఫిన్‌కు అరగంట ముందు వేసుకోవాలి, తిన్నాక వేసుకుంటే అంత పని చేయదు. దాన్ని నెలల తరబడి మీ అంతట మీరే వాడుకోకండి.

ఖాళీ కడుపుతో, అర్ధరాత్రి పూట కొరికినట్టు నొప్పి వచ్చి ఏదైనా తింటే తగ్గుతుంటే పుండు అయుండొచ్చు. మా ఊరుబిండి పచ్చడి కారాన్ని తిడతారు గానీ అసలు కారణాలు రెండే ఎక్కువ: ఒంటినొప్పులకు వేసుకునే డైక్లోఫెనాక్ లాంటి మాత్రలు, హెలికోబాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా. ఈ బ్యాక్టీరియాను కనుక్కున్న బారీ మార్షల్, రాబిన్ వారెన్‌లకు 2005లో నోబెల్ వచ్చింది. మార్షల్ అయితే 1984లో తనే ఆ బ్యాక్టీరియాను తాగి చూశాడు. మలం పరీక్షలోనో ఎండోస్కోపీలోనో అది బయటపడితే యాంటీబయాటిక్స్ కోర్సు మామూలుగా 14 రోజులు, మధ్యలో ఆపకూడదు. మలం తారులా నల్లగా వస్తే రక్తం కారుతోందని, ఆ రోజే ఆసుపత్రికి పోవాలి.

మంట కాకుండా బరువు పెట్టినట్టుందా, చెమటలు, ఆయాసం, ఎడమ చేయి లాగడం ఉన్నాయా? అలిపిరి మెట్లు ఎక్కుతూ "గ్యాస్ పట్టేసింది" అని కూర్చునేవాళ్లకు నేను చేతులు జోడించి చెప్తున్నా, అది గుండె కావచ్చు. సోడా తాగి మళ్లీ ఎక్కొద్దు, 108కి ఫోన్ చేసి ఈసీజీ తీయించండి. షుగర్ ఉన్నవాళ్లకు నొప్పి పెద్దగా తెలియకపోవచ్చు కూడా.

కుడివైపు పక్కటెముకల కిందా?

పెళ్లి భోజనమో బిర్యానీయో తిన్నాక మొదలై కుడి భుజం దాకా లాగుతుంటే పిత్తాశయంలో (గాల్‌బ్లాడర్) రాళ్లు అయుండొచ్చు. పరగడుపున స్కానింగ్ చేస్తే తెలిసిపోతుంది. నొప్పి పదేపదే వస్తుంటే పిత్తాశయం తీయించుకోవడమే దారి, కరిగించే కషాయాల మీద డబ్బు పోయకండి. జ్వరం, కళ్లు పచ్చబడటం తోడైతే ఆగొద్దు. మద్యం తాగేవాళ్లకు పైకడుపు నుంచి వీపులోకి పొడిచినట్టు నొప్పి వస్తే క్లోమం (ప్యాంక్రియాస్) వాచిందేమో చూడాలి, అది ఇంట్లో తగ్గదు.

భేదులా?

ఆపే మాత్ర అడగకండి, పిల్లలకైతే అసలే వద్దు. పెద్ద ఓఆర్ఎస్ ప్యాకెట్ మొత్తం ఒక లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఒకేసారి కలపాలి, సగం సగం కలిపితే ఉప్పు పాళ్లు తప్పుతాయి. చంటిబిడ్డకు పాలు ఆపకూడదు, ఆరు నెలలు దాటిన పిల్లలకు జింక్ 20 మిల్లీగ్రాములు రోజూ 10 నుంచి 14 రోజులు. రక్తం పడినా, బిడ్డ మగతగా ఉన్నా, మూత్రం ఆగినా డాక్టరు దగ్గరికి. కలిపిన ఓఆర్ఎస్ నీళ్లు మరుసటి రోజుకు మిగిలితే పారబోసి కొత్తగా కలపండి.