కాలేజ్ స్టేషన్‌కి కొత్తగా వచ్చారా? ఫిబ్రవరిలో ఓల్సన్ ఫీల్డ్‌కి రండి

కాలేజ్ స్టేషన్ ఊళ్లో ఉన్న టెక్సస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీకి ఆగస్టులో వచ్చినవాళ్లకి మొదటి మూడు నెలలు ఎలా గడిచిపోతాయో తెలియదు. అపార్ట్‌మెంట్ లీజు, బ్యాంక్ ఖాతా, ఫోన్ సిమ్, కోర్సులు, వంటకి వంతులు, ఈ మధ్యలో ఫుట్‌బాల్ హడావిడి, దీపావళి ప్రోగ్రాం. అసలు కష్టం జనవరిలో మొదలవుతుంది. సంక్రాంతి ఫోటోలు ఫ్యామిలీ గ్రూపులో వచ్చి పడుతుంటాయి, ఇక్కడేమో ఆరింటికల్లా చీకటి పడిపోతుంది, రూమ్మేట్స్ ఎవరి ఇంటర్న్‌షిప్ వేటలో వాళ్లు ఉంటారు, ల్యాబ్ నుంచి రూముకి, రూము నుంచి ల్యాబ్‌కి తప్ప ఎక్కడికీ వెళ్లబుద్ధి కాదు. నాకు 2024 జనవరి అలాగే గడిచింది. ఫిబ్రవరిలో బేస్‌బాల్ పరిచయమైంది, ఆ తర్వాతే ఈ ఊరు నాకు ఊరులా అనిపించింది. అందుకే కొత్తగా వచ్చేవాళ్లందరికీ ఒకటే చెబుతున్నాను. ఒక్క మ్యాచ్ చూసి ఫోటో దిగి వచ్చేయడం కాదు, ఫిబ్రవరి మధ్య నుంచి మే దాకా ఒక సీజన్ మొత్తం మన యూనివర్సిటీ బేస్‌బాల్ జట్టుతో నడవండి.

ఫుట్‌బాల్ ఉంది కదా అంటారు. ఉంది, దాని వైభవం దానిదే. కానీ కైల్ ఫీల్డ్‌లో లక్ష మందికి పైగా కూర్చుంటారు, ఆ హోరులో పక్కవాడి పేరు అడిగినా వినపడదు. బేస్‌బాల్ ఆడే చోటు పేరు బ్లూ బెల్ పార్క్, పాతవాళ్లు ఇప్పటికీ ఓల్సన్ ఫీల్డ్ అనే అంటారు. 1978 నుంచీ ఉంది. సీట్లు ఆరు వేల పైచిలుకు మాత్రమే. రెక్ సెంటర్ ఎక్కడో తెలిస్తే ఇదీ తెలిసినట్టే, వెల్‌బోర్న్ రోడ్డు, రైలు పట్టాలు దాటి పడమర వైపు. ఆట మధ్యలో గూడ్స్ రైలు కూత పెట్టుకుంటూ పక్కనుంచే పోతుంది. బంతికీ బంతికీ మధ్య బోలెడు ఖాళీ ఉంటుంది, ఆ ఖాళీలోనే మనుషులు మాట్లాడుకుంటారు. నేను ఇక్కడ ఇంగ్లీషులో కబుర్లు చెప్పడం నేర్చుకున్నది క్లాసులో కాదు, ఆ బెంచీల మీదే.

మొదటిసారి మంగళవారం మ్యాచ్‌కి వెళ్లండి. వారాంతాల్లో పెద్ద జట్లు వస్తాయి, టికెట్ దొరకదు, దొరికినా జనం కిక్కిరిసి ఉంటారు. మంగళవారం సాయంత్రాలు చుట్టుపక్కల చిన్న కాలేజీలతో ఆడతారు, కాస్త తీరుబడిగా ఉంటుంది, ఎవరినైనా పక్కకి తిరిగి ఏదైనా అడగొచ్చు. నేను మొదట వెళ్లింది అలాంటి మంగళవారమే, ఒక్కడినే. పక్క సీట్లో డెబ్భై ఏళ్లు దాటిన పెద్దాయన మోకాలి మీద అట్ట పెట్టుకుని చిన్న చిన్న గళ్ల కాగితంలో పెన్సిల్‌తో ఏదో నింపుతున్నారు. నేను అటే చూస్తుంటే కాగితం నా వైపు జరిపి చూపించారు. మైదానంలో ప్రతి స్థానానికీ ఒక అంకె. బంతి వేసే పిచ్చర్ 1, బ్యాటర్ వెనక బంతి పట్టే క్యాచర్ 2, రెండో, మూడో బేస్‌ల మధ్య నిలబడే షార్ట్‌స్టాప్ 6. బేస్ అంటే పరుగెత్తేవాడు చేరాల్సిన గుర్తు. షార్ట్‌స్టాప్ బంతి అందుకుని రెండో బేస్ మనిషికి విసిరి, అక్కడి నుంచి మొదటి బేస్‌కి వెళ్తే ఆ గడిలో 6-4-3 అని రాస్తారు, ఒకే బంతికి ఇద్దరు అవుట్ అని దాని అర్థం. బ్యాటర్ బ్యాట్ ఊపి తప్పినా, సరైన బంతిని వదిలేసినా స్ట్రైక్, అవి మూడైతే అవుట్. మూడోది బ్యాట్ ఊపి తప్పితే కె అక్షరం, ఊపకుండా చూస్తూ నిలబడి అవుటైతే అదే కె తిరగేసి. ఆ తిరగేసిన కె ఆయన ఎంత శ్రద్ధగా రాశారో ఇప్పటికీ కళ్ల ముందుంది. తొమ్మిది ఇన్నింగ్స్ అయ్యేసరికి ఆ కాగితం చూసి మ్యాచ్ మొత్తం తిరిగి చెప్పగలిగేంత వచ్చేసింది నాకు. టెక్సస్‌లో పెద్దవాళ్లని సర్, మేడమ్ అంటే చాలా సంతోషిస్తారు, మనకది ఎలాగూ అలవాటే కాబట్టి మొహమాటపడకుండా పలకరించండి.

ఇక ఆట సంగతి. మనకి క్రికెట్ వచ్చు కాబట్టి సగం వచ్చేసినట్టే, కానీ కొన్ని చోట్ల ఆ క్రికెట్టే తప్పుదారి పట్టిస్తుంది. ఇక్కడ బ్యాటర్ అవుటైతే అతని కథ ముగిసిపోదు, మ్యాచ్‌లో మరో మూడు నాలుగు సార్లు వస్తాడు. జట్టులో ముగ్గురు అవుటైతే అవతలివాళ్ల వంతు, అలా తొమ్మిది సార్లు. వెనక్కి గానీ పక్కకి గానీ కొడితే ఫోర్ రాదు, అది ఫౌల్. గీతల లోపలికి నేల మీద బంతి వెళ్లిందంటే ఇష్టం ఉన్నా లేకపోయినా పరుగెత్తాల్సిందే, నిలబడి ఆలోచించడం కుదరదు. పదిసార్లు వచ్చి మూడు హిట్లు కొట్టినవాడిని మంచి బ్యాటర్ అంటారు. ఈ ఒక్క లెక్క బుర్రకెక్కితే, ఊరికే అవుటైపోతున్నారేంటి అనే విసుగు పోతుంది. ఇంకొకటి, కాలేజీ వాళ్లు లోహపు బ్యాట్‌తో ఆడతారు. బంతి సరిగ్గా తగిలితే గంట కొట్టినట్టు ణంగుమంటుంది. మన విల్లో బ్యాట్ చప్పుడు విని పెరిగిన చెవికి అది వింతగా ఉంటుంది, రెండు వారాల్లో అలవాటైపోతుంది, ఆ తర్వాత చప్పుడుని బట్టే బంతి ఎంత దూరం పోతుందో చెప్పేస్తారు.

పిచ్చర్ సరైన చోట వేయని బంతిని, బ్యాటర్ కూడా ఆడకుండా వదిలేస్తే, బాల్ అంటారు. అవి నాలుగైతే బ్యాటర్ నడుచుకుంటూ మొదటి బేస్‌కి వెళ్లిపోవచ్చు. ఓల్సన్‌లో అసలు సందడి అప్పుడే. అవతలి పిచ్చర్ అలా ఒకరిని నడిపించాడంటే జనం లెక్క ఆపరు, తర్వాత బ్యాటర్‌కి వేసే బంతికి కూడా బాల్ ఫైవ్, బాల్ ఫైవ్ అని అరుస్తారు, అదీ తప్పితే బాల్ సిక్స్, అతను స్ట్రైక్ వేసేదాకా వదలరు. ఈ కాలేజీ వాళ్లని యాగీలంటారు, 1876లో వ్యవసాయం, యంత్రవిద్య నేర్పే కాలేజీగా మొదలైంది కాబట్టి ఆ పేరు. మన భాషలో యాగీ చేయడం అంటే ఏంటో మీకు చెప్పక్కర్లేదు. బాల్ ఫైవ్ మొదలైనప్పుడు ఆ రెండు అర్థాలూ ఒకటే అయిపోతాయి. మీరూ గొంతు కలపండి, ఎవరూ వింతగా చూడరు.

సీజన్ ఎలా నడుస్తుందో ముందే తెలిస్తే పరీక్షలతో సర్దుకోవచ్చు. ఫిబ్రవరి మధ్యలో మొదలు. మామూలు సీజన్‌లో సుమారు 56 మ్యాచ్‌లు. శుక్ర, శని, ఆదివారాలు ఒకే జట్టుతో మూడు మ్యాచ్‌ల సిరీస్, వారం మధ్యలో ఒకటి. జట్టులో అందరికంటే మంచి పిచ్చర్‌ని సాధారణంగా శుక్రవారం దింపుతారు, అందుకే శుక్రవారం పిచ్చర్ అన్నది ఇక్కడ ఒక హోదా. మార్చి మధ్య నుంచి ఎస్‌ఈసీ, అంటే మన యూనివర్సిటీ ఉన్న సౌత్ఈస్టర్న్ కాన్ఫరెన్స్ అనే యూనివర్సిటీల కూటమి మ్యాచ్‌లు, పది వారాంతాలు, ముప్పై మ్యాచ్‌లు. దేశంలో ఇంతకంటే గట్టి పోటీ ఇంకో కాన్ఫరెన్స్‌లో లేదని నా అభిప్రాయం. మే మూడో వారానికి అలబామాలోని హూవర్‌లో కాన్ఫరెన్స్ టోర్నీ. మే ఆఖరి సోమవారం, మెమోరియల్ డే నాడు, జాతీయ టోర్నీకి 64 జట్ల జాబితా ప్రకటిస్తారు. ఆ 64 జట్లు నాలుగేసి చొప్పున 16 చోట్ల ఆడతాయి, రెండుసార్లు ఓడితే ఇంటికి. మిగిలిన 16 జట్లు జతలుగా విడిపోయి మూడింట్లో రెండు గెలవాలి, దాన్ని సూపర్ రీజనల్ అంటారు. చివరికి ఎనిమిది జట్లు నెబ్రాస్కాలోని ఒమాహాకి వెళ్తాయి. ఆ చివరి పోటీ పేరు కాలేజ్ వరల్డ్ సిరీస్, 1950 నుంచీ ఆ ఊళ్లోనే. ఇక్కడివాళ్లు ఒమాహా అనే మాటని మనవాళ్లు కాశీ అన్నట్టు అంటారు, ఫిబ్రవరి చలిలో మొదటి మ్యాచ్ నాడే ఎవరో ఒకరు ఆ మాట ఎత్తుతారు.

2024లో నేను చూసిన మొదటి సీజనే ఒమాహా దాకా వెళ్లింది. సూపర్ రీజనల్ మన మైదానంలోనే, ఒరెగాన్ మీద. మొదటి మ్యాచ్‌లో బ్రేడన్ మాంట్‌గొమరీ పరుగు పూర్తయ్యే చోటు, హోం ప్లేట్ దగ్గర జారుతూ కాలి చీలమండ విరగ్గొట్టుకున్నాడు. ఆ ఏడాది జట్టుకి ప్రాణం లాంటి కుర్రాడు. స్టేడియం అంతా ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది, నా వెనక వరుసలో ఒక చిన్న పాప అదేంటమ్మా అని అడుగుతున్న మాట స్పష్టంగా వినపడింది. అతను లేకుండానే ఆ సిరీస్ గెలిచి, ఒమాహాలో ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా ఫైనల్‌కి చేరారు, కాలేజీ చరిత్రలో ఫైనల్ ఆడటం అదే మొదటిసారి. టెన్నెస్సీతో మొదటిది 9-5తో గెలిచాం, రెండోది 4-1తో ఓడాం. జూన్ 24, సోమవారం, మూడోది. మా అపార్ట్‌మెంట్ హాల్లో పదకొండు మందిమి, అందులో ముగ్గురికి ఆటే తెలియదు, ఒకరు మా ల్యాబ్ అమెరికన్ కుర్రాడు, అందరికీ కలిపి ఒక పెద్ద గిన్నెడు పులిహోర. 6-1తో వెనకబడి, చివరి రెండు ఇన్నింగ్స్‌లో 6-5 దాకా వచ్చి అక్కడ ఆగిపోయారు. చాలాసేపు ఎవరూ లేవలేదు. మర్నాడే కోచ్ టెక్సస్ యూనివర్సిటీకి వెళ్తున్నారన్న వార్త, అదీ మనవాళ్ల బద్ధ ప్రత్యర్థి. ఆ వారమంతా బస్సులో, ల్యాబ్‌లో, కిరాణా కొట్లో అదే మాట, ఆ మాటల్లో నేనూ ఉన్నాను. వచ్చిన పది నెలలకి మొదటిసారి ఊళ్లోవాళ్ల బాధ నా బాధ అయింది.

2025 ఇంకా కష్టం. సీజన్ మొదలవకముందు ర్యాంకింగ్స్‌లో మొదటి స్థానం, ముగిసేసరికి 30 గెలుపులు, 26 ఓటములు, 64 జట్లలో చోటే రాలేదు. ఈ కాలేజీలో అందరికంటే ఎక్కువ హోం రన్లు, అంటే మన సిక్సర్ లాంటివి, కొట్టిన జేస్ లావియొలెట్, హూవర్ టోర్నీలో చేతికి బంతి తగిలి ఎముక విరిగితే, సర్జరీ చేయించుకుని వెంటనే మళ్లీ మైదానంలోకి దిగాడు. ఆ ఏడాది ఏప్రిల్‌లో ఖాళీ సీట్లు కనిపించేవి. మా పెద్దాయన మాత్రం తన సీట్లోనే ఉండేవారు, నా థీసిస్ ఎంతదాకా వచ్చిందని ప్రతి మంగళవారం అడిగేవారు, మా అమ్మ మోకాలి ఆపరేషన్ సంగతి గుర్తుపెట్టుకుని అడిగిన మనిషి ఈ దేశంలో ఆయన ఒక్కరే. కాబట్టి మీరు వచ్చిన ఏడాది జట్టు ఓడిపోతోందని వెళ్లడం మానకండి.

కొన్ని పనికొచ్చే విషయాలు. ఫిబ్రవరి రాత్రుళ్లు చలి ఎముకల్లోకి దిగుతుంది, జాకెట్ చాలదు, దుప్పటి తెచ్చుకోండి, అందరూ తెచ్చుకుంటారు. మేలో అదే సీటు పెనంలా కాలుతుంది, శని, ఆదివారాల మధ్యాహ్నం మ్యాచ్‌కి టోపీ, నీళ్లు తప్పనిసరి. పెద్ద బ్యాగులతో వెళ్తే గేటు దగ్గర వెనక్కి పంపిస్తారు. విద్యార్థుల స్పోర్ట్స్ పాస్‌లో ఆ ఏడాది బేస్‌బాల్ కూడా వస్తుందేమో కొనేముందే చూసుకోండి. తిండి విషయంలో, హాట్ డాగ్‌లో బీఫ్ ఉండొచ్చు, తిననివాళ్లు అడిగి తీసుకోండి. పాప్‌కార్న్, వేరుశనగకాయలు అందరికీ పనికొస్తాయి, కాయలు ఒలుచుకుంటూ మ్యాచ్ చూస్తుంటే ఊళ్లో తిరునాళ్లలో కూర్చున్నట్టే ఉంటుంది. నెట్ లేని వైపు కూర్చుంటే ఫోన్ చూడకండి, ఫౌల్ బంతి తల మీదికే రావచ్చు. దొరికిన బంతి మీదే, క్రికెట్‌లోలా వెనక్కి విసరక్కర్లేదు, పక్కన చిన్నపిల్లలుంటే వాళ్లకిచ్చేయండి. జాతీయ గీతం వచ్చినప్పుడు టోపీ తీసి నిలబడండి. తిరిగి వచ్చేటప్పుడు ఆఖరి బస్సు ఎప్పుడో ముందే చూసుకోండి, స్కోరు సమమై ఎక్స్‌ట్రా ఇన్నింగ్స్ పడితే ఎంతసేపు పడుతుందో ఎవరూ చెప్పలేరు.

రెండు విషయాలు మాత్రం గట్టిగా చెప్పాలి. స్టేడియంలో స్టాళ్ల దగ్గర పని ఉంది, వాలంటీర్‌గా చేయొచ్చు అని ఎవరైనా అంటే వెంటనే సరే అనకండి. ఎఫ్1 స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లకి సెమిస్టర్‌లో క్యాంపస్ పని వారానికి 20 గంటలే, క్యాంపస్‌లో కనిపించే ప్రతి పనీ క్యాంపస్ పని కిందికి రాదు. ముందు డీఎస్‌ఓకి, అంటే యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల వీసా సంగతులు చూసే అధికారికి, ఒక మెయిల్ పెట్టి, సమాధానం వచ్చాకే ఒప్పుకోండి. రెండోది బెట్టింగ్. టెక్సస్‌లో ఆన్‌లైన్ స్పోర్ట్స్ బెట్టింగ్ చట్టబద్ధం కాదు. ఏదో యాప్‌లో ఐదు డాలర్లే కదా అని మొదలుపెట్టి సెమిస్టర్ ఫీజు దాకా పోగొట్టుకున్న కుర్రాడు నాకు తెలుసు, ఇంట్లోవాళ్లకి చెప్పలేక ఎంత నలిగిపోయాడో చూశాను. దయచేసి అటు వెళ్లకండి.

ఫిబ్రవరిలో సాయంత్రం ఆరింటి మ్యాచ్‌కి ఏడో ఇన్నింగ్స్ వచ్చేసరికి మన దగ్గర పొద్దున ఏడున్నర, ఎనిమిది అవుతుంది. అప్పుడు అందరూ లేచి ఒళ్లు విరుచుకుంటారు, ఇంటికి వీడియో కాల్ చేయడానికి అంతకంటే మంచి టైం లేదు. మా అమ్మ ఆ లైట్లు, జనం చూసి, నువ్వు ఒక్కడివే లేవు కదా, చాలు అంది.

వచ్చేటప్పుడు పెన్సిల్ తెచ్చుకోండి, పెన్ను వద్దు. హిట్ అని రాసుకున్నది కాసేపటికి స్కోరర్ ఎర్రర్, అంటే ఫీల్డర్ తప్పు, అని మారుస్తాడు, చెరిపి రాయాల్సి వస్తుంది. స్కోర్ కాగితాలు నా దగ్గర ఎప్పుడూ నాలుగైదు అదనంగా ఉంటాయి.