బొంత ముక్కలు కలవడం లేదా? రంగులు, అమరికలో వచ్చే చిక్కులు

ముక్కలన్నీ కోసి నేల మీద పరిచాక "ఏదో తేడాగా ఉంది, అదేంటో తెలియట్లేదు" అనిపించడం ప్యాచ్‌వర్క్ బొంత కుట్టేవాళ్లందరికీ అలవాటే. అప్పుడు చాలామంది రంగుల్ని అనుమానించి కొత్త బట్ట కోసం బయల్దేరతారు. కాస్త ఆగండి. చాలాసార్లు చేతిలో ఉన్న ముక్కలతోనే పని జరుగుతుంది. కుట్టు వేయకముందు ఏ మార్పైనా నిమిషాల పనే. వేశాక కుట్లు విప్పడమంత విసుగు ఇంకోటి లేదు.

డిజైన్ కనబడట్లేదు, అంతా ఒకటే ముద్దలా ఉంది

ముక్కలతో పేర్చిన నక్షత్రం దగ్గర్నుంచి చక్కగానే ఉంటుంది. నాలుగడుగులు వెనక్కి వేస్తే మాయం. ఎరుపు, ఆకుపచ్చ అంత వేరువేరు రంగులు వాడినా ఇలా ఎందుకవుతుందంటే, రెండూ ఒకే స్థాయి ముదురులో ఉన్నాయి కాబట్టి. ఆకారాన్ని దూరానికి చూపించేది ఎక్కువగా లేత, ముదురుల తేడాయే. రంగు తేడా దాని తర్వాతే.

ఫోన్‌లో ఫొటో తీసి బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చండి. నక్షత్రం, దాని వెనకాల బట్ట ఒకే బూడిద రంగులోకి వస్తే తప్పు దొరికినట్టే. కళ్లు సగం మూసి చూసినా తెలుస్తుంది. ఇందుకు కొందరు ఎర్రటి పారదర్శక కాగితం వాడతారు కానీ దానిలోంచి చూస్తే ఎర్ర బట్టలు ఉన్నదానికన్నా లేతగా కనబడతాయి. ఫోన్ మేలు.

తర్వాత బట్టల్ని లేత, మధ్యస్థం, ముదురు అని మూడు కుప్పలు పెట్టండి. మధ్యస్థం కుప్పే పెద్దదైతే ఆశ్చర్యపోవద్దు, కొనేటప్పుడు మన కన్ను వాటి మీదే పడుతుంది. అసలు సిసలు లేతవి, ముదురువి రెండు మూడు చేరిస్తే చాలు, బొంత లేచి నిలబడుతుంది. ఒక బట్ట లేతదా ముదురుదా అనేది పక్కనున్నదాన్ని బట్టే ఉంటుంది. మధ్యస్థం నీలం మీగడ రంగు పక్కన ముదురు, నేవీ బ్లూ పక్కన లేత.

ముక్కలు కలిపి కుట్టిన ఒక్కో చదరాన్ని బ్లాక్ అంటారు. నడిమి చదరం చుట్టూ పట్టీలు కుట్టుకుంటూ పోయే లాగ్ క్యాబిన్ బ్లాక్ పూర్తిగా ఈ లేత, ముదురుల తేడా మీదే నడుస్తుంది. బ్లాక్‌లో ఓ మూల నుంచి ఎదురు మూలకు గీత గీస్తే ఒక సగం లేత పట్టీలు, రెండో సగం ముదురు పట్టీలు. బ్లాక్‌లను తిప్పి పెట్టే తీరుని బట్టి వజ్రాలూ వస్తాయి, ఏటవాలు చారలూ వస్తాయి. రంగులు ఏవైనా సరే. కానీ లేత సగంలో రెండు మధ్యస్థం పట్టీలు దూరాయా, గీత అక్కడ తెగిపోతుంది.

ఒక్క ముక్కే కంటికి గుచ్చుకుంటోంది

సాధారణంగా అది ముదురు పసుపో, ఘాటైన నారింజో, మీగడ రంగుల మధ్య పడిన పాలతెలుపో అయి ఉంటుంది. తెలుపుది ఇంకో చిక్కు: పక్కనున్న మీగడ రంగుల్ని మాసినట్టు చూపిస్తుంది. తీసేయడం తేలిక. నేనైతే ముందు అదే బట్టని ఇంకో రెండు చోట్ల పెట్టి చూడమంటాను, సరళరేఖలో కాకుండా ఎడంఎడంగా త్రిభుజంలా. ఒక్కచోట ఉంటే పొరపాటులా కనిపించేది మూడుచోట్ల ఉంటే కావాలని పెట్టినట్టు ఉంటుంది.

విడిగా బాగున్న బట్ట, పక్కన పెట్టగానే మారిపోయింది

మీ కళ్లకేం కాలేదు. 19వ శతాబ్దంలో పారిస్‌లోని గోబెలిన్ నేతశాలలో రంగుల అద్దకాన్ని చూసుకున్న రసాయన శాస్త్రవేత్త మిషెల్ షెవ్రూల్‌కి, నల్ల దారం వెలవెలబోతోందని ఫిర్యాదులు వచ్చాయి. చూస్తే అద్దకంలో లోపం లేదు, పక్కన వేసిన నీలి, ఊదా దారాల వల్ల అలా కనబడుతోంది. బూడిద రంగు ఎరుపు పక్కన కొద్దిగా ఆకుపచ్చగా తోచడం కూడా ఇలాంటిదే.

అందుకే విడి బట్టను చూసి నిర్ణయించకండి. బొంతలో ఎంత పాళ్లలో వస్తుందో అంతే మడిచి, పక్కన ఉండబోయేదాని మీద పెట్టి చూడండి. పగటి వెలుగులో ఒకసారి, రాత్రి లైటు కింద ఒకసారి. ట్యూబ్‌లైట్ కింద జోడీగా ఉన్న రెండు నలుపులు ఎండలో వేరుగా కనిపించవచ్చు.

రంగులు కుదిరినా చప్పగా ఉంది

ప్రింట్లన్నీ ఒకే సైజువి అయి ఉంటాయి. చిన్న పూల మధ్య ఒక పెద్ద ప్రింట్, కొన్ని చారలు, కొంచెం సాదా బట్ట కలపండి. అయితే పెద్ద ప్రింట్‌ని చిన్న ముక్కలుగా కోస్తే పువ్వు పోయి రేకు మిగులుతుంది. నాలుగు వైపులా పావంగుళం కుట్టులోకి పోతుంది కాబట్టి రెండున్నర అంగుళాల చదరం కుట్టాక రెండు అంగుళాలే. అట్టముక్కలో రెండంగుళాల కిటికీ కోసి బట్ట మీద జరుపుతూ చూస్తే ఏం మిగులుతుందో ముందే తెలిసిపోతుంది.

ఒక్కో బ్లాక్ ముచ్చటగా ఉంది, పక్కపక్కన పెడితే గోల

కంటికి విశ్రాంతి లేదు. ఒకటి విడిచి ఒకటి సాదా బ్లాక్ పెట్టండి, లేదా బ్లాకుల మధ్య పట్టీలు వేయండి. పట్టీ వెనకాల బట్ట రంగులోనే ఉంటే బ్లాకులు తేలుతున్నట్టుంటాయి, ముదురుదైతే కిటికీ చువ్వల్లా గీతలు ముందుకొస్తాయి. 12 అంగుళాల బ్లాక్‌కి రెండు నుంచి మూడు అంగుళాల పట్టీ చాలు.

బ్లాకుల్ని ఏటవాలుగా నిలబెట్టినా గందరగోళం తగ్గుతుంది, కానీ లెక్క మారుతుంది. 12 అంగుళాల బ్లాక్ మూల నుంచి మూలకు దాదాపు 17 అంగుళాలు. అంచుల్లో మిగిలే ఖాళీలు నింపడానికి, పక్క త్రిభుజాలకి 18¼ అంగుళాల చదరాన్ని నాలుగుగా, మూల త్రిభుజాలకి 9⅜ అంగుళాల చదరాన్ని రెండుగా, కర్ణాల వెంట కోయాలి. అప్పుడే బొంత అంచున నేత తిన్నగా వచ్చి సాగదు.

బరువంతా ఒక మూలకి వాలింది

ఫొటోని తలకిందులుగా తిప్పి చూడండి, ముదురు ముక్కలు ఎక్కడ పోగుపడ్డాయో వెంటనే కనబడుతుంది. సంచీలో చెయ్యిపెట్టి వచ్చిన ముక్క వచ్చినట్టు కుడితే సమంగా ఉంటుందనుకోవడం భ్రమ. ఒకే బట్ట ముక్కలు మూడు వరసగా రావడానికి అదే దారి. వెనక్కి జరిగి చూడటానికి గోడకి ఫ్లానెల్ బట్ట తగిలిస్తే కాటన్ ముక్కలు దాదాపు పిన్నుల్లేకుండానే అంటుకుంటాయి.

పరిచినప్పుడు బాగుంది, కుట్టాక తేడా వచ్చింది

వరస తారుమారై ఉంటుంది. ప్రతి వరసకీ మొదటి ముక్క మీద నంబరు చీటీ గుచ్చి, ఫొటో దగ్గర పెట్టుకుని కుట్టండి. లేత బట్ట కింద ముదురు అంచు గీతలా కనిపిస్తుంటే, కుట్టుని ముదురు వైపుకి మడిచి ఇస్త్రీ చేస్తే పోతుంది.

ఉతికాక తెలుపు గులాబీ రంగు అయింది

ముదురు ఎరుపు రంగు వదిలింది. ఆరనివ్వకుండా, ఇస్త్రీ పెట్టకుండా, వెంటనే డిటర్జెంట్ కలిపిన బోలెడు గోరువెచ్చని నీళ్లలో మళ్లీ నానబెట్టండి. ఈసారి కోయకముందే ముదురు బట్ట కొస తడిపి తెల్ల గుడ్డకి అద్ది చూడండి. మరక పడితే నీళ్లు తేటగా వచ్చేవరకూ ఉతకండి. ఎన్నిసార్లు ఉతికినా రంగు వదులుతుంటే ఆ బట్టని ఈ బొంతలో వాడొద్దు.