పడమటి కిటికీ పక్క సీటు: గ్లేర్‌ని కెమెరాతో కొలవడం

హైదరాబాద్ అద్దాల ఆఫీసుల్లో బల్ల మీద లక్స్ మీటర్ పెట్టి, 500 చూపించింది కాబట్టి వెలుతురు బాగానే ఉందని తేల్చేస్తారు, అక్కడ కూర్చునే మనిషేమో సాయంత్రం నాలుగు దాటాక కళ్లు చిట్లించుకుని పని చేస్తుంటారు. మీటర్ కొలిచేది బల్ల మీద పడే వెలుతురుని. కిటికీ వైపు నుంచి కంటికి ఎంత గ్లేర్, అంటే కళ్లు మిరుమిట్లు గొలిపే కాంతి, వస్తోందో దానికి తెలియదు. అది కెమెరాతో కొలవచ్చు, ఏ వస్తువు కంటికి ఎంత ప్రకాశంగా ఉందో కొలిచే ఖరీదైన ల్యూమినెన్స్ మీటర్ లేకపోయినా సరే.

కెమెరాని ట్రైపాడ్ మీద, కూర్చున్న మనిషి కంటి ఎత్తులో, అంటే సుమారు 1.2 మీటర్ల దగ్గర, మానిటర్ వైపు తిప్పి పెట్టండి. లెన్స్ 180 డిగ్రీల ఫిష్‌ఐ, అంటే ముందున్నదంతా ఒకే ఫొటోలో పట్టేది, కావాలి. ఐఎస్ఓ 100, వైట్ బ్యాలెన్స్ డేలైట్, అపర్చర్ ఎఫ్/5.6, ఫోకస్ మాన్యువల్, ఇవేవీ మధ్యలో మార్చకండి. షట్టర్ స్పీడ్ ఒక్కటే మారుస్తూ వరసగా ఫొటోలు తీయండి. అన్నిటికంటే నల్లగా వచ్చిన ఫొటోలో ఆకాశం తెల్లగా మాడిపోకూడదు, అన్నిటికంటే తెల్లగా వచ్చినదాంట్లో బల్ల కింద వైర్లు కూడా కనిపించాలి. మధ్యలో మబ్బు అడ్డొస్తే మళ్లీ మొదటి నుంచి తీయాల్సిందే. సూర్యుడు నేరుగా ఫ్రేములో ఉంటే కాంతిని తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ లేకుండా వచ్చిన లెక్క నమ్మొద్దు, వ్యూఫైండర్‌లోంచి సూర్యుణ్ని అసలు చూడొద్దు.

ఈ ఫొటోలను గ్రెగ్ వార్డ్ రాసిన హెచ్‌డీఆర్‌జెన్ అనే ప్రోగ్రామ్‌తో ఒక్క ఫైలుగా కలపండి. ఫిష్‌ఐ అంచుల్లో వెలుతురు తగ్గుతుంది, ముందు అది సరిచేయాలి. అసలు పని కాలిబ్రేషన్, అంటే ఫైల్లోని అంకెల్ని నిజమైన కొలతతో సరిచేయడం. ఫొటోలో కనిపించేలా 18 శాతం గ్రే కార్డ్ (పడిన కాంతిలో 18 శాతాన్ని తిప్పి పంపేది) పెట్టి, దానికి ఆనించి అదే వాలులో లక్స్ రీడింగ్ తీసుకోండి. 500 వస్తే, 500 × 0.18 ÷ 3.14, అంటే కార్డు దగ్గర చదరపు మీటరుకు సుమారు 28.6 కాండెలాలు ఉండాలి. ఫైల్లో 24 చూపిస్తోందా? మొత్తం బొమ్మని 1.19తో గుణించండి.

తర్వాత దాన్ని ఇవాల్‌గ్లేర్ అనే ప్రోగ్రామ్‌కి ఇస్తే డీజీపీ (డేలైట్ గ్లేర్ ప్రాబబిలిటీ), అంటే గ్లేర్ ఇబ్బంది పెట్టే అవకాశం ఎంతో చెప్పే అంకె వస్తుంది. 2006లో వీనోల్డ్, క్రిస్టోఫర్సన్ ప్రతిపాదించిన కొలమానం ఇది: 0.35 లోపుంటే ఇబ్బంది దాదాపు తెలియదు, 0.40 దాటితే చిరాకు, 0.45 దాటితే భరించలేం. కానీ ఫొటోలు తీసేటప్పుడే లెన్స్ పక్కన, అది చూసే వైపుకే లక్స్ మీటర్ పట్టుకుని ఒక రీడింగ్ రాసుకోండి. ఇవాల్‌గ్లేర్ లెక్కగట్టే ఇల్యూమినెన్స్ (లెన్స్ మీద పడే వెలుతురు) దానికి దగ్గరగా లేకపోతే ఎక్కడో తేడా కొట్టినట్టే, డీజీపీని పక్కన పడేయండి.

కిటికీకి దూరంగా, లోపలి సీట్లలో డీజీపీ తక్కువే వచ్చినా, చీకటి గోడ మధ్య ఒక్క కిటికీ వెలుగుతుంటే కళ్లు లాగుతాయి. అలాంటప్పుడు ప్రకాశాన్ని రంగులుగా చూపే ఫాల్స్‌కలర్ బొమ్మలో స్క్రీన్‌కీ కిటికీకీ ఎన్ని రెట్ల తేడా ఉందో చూడండి, బల్లని కిటికీకి పక్కవాటుగా తిప్పి మర్నాడు అదే వేళకి ఇంకోసారి తీయండి.