మేకప్ సెట్టింగ్ స్ప్రే: పార్లర్లలో, హోటళ్లలో క్షేమంగా వాడే విధానం

మేకప్ సెట్టింగ్ స్ప్రేనూ, యాంటీ ఫాగ్ (ఆవిరి పట్టనివ్వని) స్ప్రేనూ ఒకటే అనుకునే అవకాశం ఉంది కనుక, ముందుగా ఆ తికమక తీర్చుకోవాలి. ఒకటి చెమటకూ తేమకూ మేకప్ కరగకుండా ముఖం మీద పలుచని పొరలా ఆరే సెట్టింగ్ స్ప్రే. రెండవది, ఏసీ లాబీలోంచి విశాఖ ఉక్కపోతలోకి అడుగు పెట్టగానే కళ్లద్దాల మీద పట్టే ఆవిరిని ఆపే ద్రవం. కళ్లద్దాలకు వాడే ఇటువంటి కొన్ని ద్రవాలలో ఆరోగ్యానికి హాని చేయగల ఫ్లోరిన్ సమ్మేళనాలు ఉన్నట్లు అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2022లో ప్రకటించారు. కాబట్టి దానిని ముఖం మీద చల్లడం ఎంతమాత్రం తగదు. రెండింటినీ ఒకే అరలో ఉంచకపోవడం, పేరులేని సీసాల్లోకి ఒంపకపోవడం మంచిది.

కొనేటప్పుడు బ్యాచ్ నంబరు, గడువు తేదీ, లైసెన్సు నంబరు చూడాలి. పదార్థాల జాబితా మొదట్లోనే ఆల్కహాల్ ఉంటే అది త్వరగా ఆరుతుంది, పొడి చర్మాన్ని మరింత పొడిబారుస్తుంది, మండే గుణమూ కలిగి ఉంటుంది. పెళ్లికూతురికైతే ట్రయల్ మేకప్ రోజునే చెవి వెనుక కొద్దిగా రాసి, 24 నుంచి 48 గంటల పాటు దురద, ఎర్రదనం వస్తాయేమో గమనించాలి. ఉబ్బసం ఉందా, కాంటాక్ట్ లెన్సులు పెట్టుకున్నారా అని అడగడానికి అర నిమిషం కూడా పట్టదు. ఉబ్బసం ఉన్నవారికి స్ప్రే మానేసి పౌడరుతో సరిపెట్టడమే నా దృష్టిలో ఉత్తమం.

చల్లేముందు కళ్లు, నోరు మూసుకుని కొన్ని క్షణాలు ఊపిరి బిగపట్టమని చెప్పాలి. సీసాను ముఖానికి జానెడు దూరంలో, అంటే సుమారు 20 నుంచి 25 సెంటీమీటర్ల ఎడంగా పట్టుకుని, రెండు మూడు సార్లు మాత్రమే తేలికగా నొక్కాలి. తుంపర పూర్తిగా దిగి, రెప్పల మీది తడి ఆరేదాకా కళ్లు తెరవనివ్వకూడదు. త్వరగా ఆరాలని టేబుల్ ఫ్యాను తిప్పితే ఆ తుంపర పక్క కుర్చీలో కూర్చున్నవారి ముఖాన పడుతుంది. ఒకవేళ కంట్లో పడితే లెన్సు తీసేసి, శుభ్రమైన నీటితో 15 నిమిషాలు కడగాలి. మంట తగ్గకపోతే కంటి వైద్యులకు చూపించాలి.

ఇక్కడ ఎక్కువగా మరిచిపోయేది చల్లేవారి సంగతి. కూర్చున్నవారు ఆ తుంపరను ఒక్కసారే పీలుస్తారు, బ్యూటీషియన్ మాత్రం లగ్గసరి రోజుల్లో పొద్దుటి నుంచి రాత్రి దాకా పీలుస్తూనే ఉంటుంది. మామూలు స్ప్లిట్ ఏసీ గదిలోని గాలినే మళ్లీ మళ్లీ చల్లబరుస్తుంది తప్ప బయటి గాలిని లోపలికి తేదు. కనుక ఎగ్జాస్ట్ ఫ్యాను తప్పనిసరిగా ఉండాలి, అది లేనిచోట కిటికీ అయినా తెరవాలి. చల్లేటప్పుడు ముఖాన్ని పక్కకు తిప్పుకోవడం కూడా అలవాటు చేసుకోవాలి.

నిప్పు విషయంలో అజాగ్రత్త పనికిరాదు. ఆల్కహాల్ ఆవిరి గది వేడిలోనే అంటుకోగలదు, గ్యాసు ఒత్తిడితో చల్లే స్ప్రే డబ్బాల్లోంచి వచ్చే బ్యూటేన్ వాయువు గాలి కన్నా బరువైనది కనుక నేలబారున పరుచుకుంటుంది. విడిది గదిలో ఒక మూల అగరుబత్తి, మరో మూల స్విచ్ ఆపని స్ట్రెయిటనర్ ఉండగానే స్ప్రే కొట్టడం మనం చూస్తూనే ఉన్నాం. ముందు వాటిని ఆర్పి, ఆపి, ఆ తర్వాతే చల్లాలి. పురోహితులు ముహూర్తం దాటుతోందని తొందరపెట్టినా, ముఖమూ జుట్టూ తడి ఆరాకనే పెళ్లికూతురిని హోమగుండం దగ్గరికి పంపాలి. పీటల మీద టచప్ చేయవలసి వస్తే స్ప్రే వద్దు, టిష్యూతో అద్ది పౌడరు వేస్తే చాలు.

హోటల్ సిబ్బందికీ ఇదే వర్తిస్తుంది: బఫే వంటకాల కింద మంట వెలుగుతున్న చోటా, వడ్డించే ఆహారం దగ్గరా కాకుండా, డ్యూటీకి ముందు డ్రెస్సింగ్ గదిలోనే ఈ పని ముగించాలి. గ్యాసుతో చల్లే స్ప్రే డబ్బాలను 50 డిగ్రీల సెల్సియస్ దాటే వేడిలో ఉంచకూడదు. రెంటచింతల, రామగుండం ఎండల్లో నిలిపిన కారులో మేకప్ పెట్టె వదిలేస్తే ఆ వేడి సులువుగా దాటిపోతుంది. అందుచేత పెట్టెను వెంట లోపలికి తీసుకువెళ్లాలి.