శీలావతితో గుడ్లు పెట్టించడం: సూదికి ముందూ, తర్వాతా

శీలావతి, బొచ్చె, ఎర్రమోసు చేపలు చెరువులో ఎంత బాగా పెరిగినా అక్కడ గుడ్లు పెట్టవు. కడుపులో గుడ్లు దాదాపు పూర్తిగా ఎదిగి ఆగిపోతాయి. వరద నీరు తగిలితే తప్ప చివరి హార్మోన్ సంకేతం వెలువడదు. వేరే చేపల మెదడు కింద ఉండే పీయూష గ్రంథి రసం ఎక్కించి ఆ సంకేతాన్ని బయటి నుంచి ఇవ్వవచ్చని 1957 జూలై 10న ఒడిశాలోని అంగుల్‌లో శాస్త్రవేత్తలు హీరాలాల్ చౌధురి, అలికున్హి నిరూపించారు. ఆ తేదీనే ఇప్పుడు జాతీయ మత్స్య రైతుల దినోత్సవం. అయితే సూది పని ఆ ఆఖరి మెట్టు ఎక్కించడం వరకే. గుడ్డు అంతవరకు ఎదగకపోతే మోతాదు పెంచీ లాభం లేదు.

అందుకే ముందు తల్లిచేపల సంగతి. రెండేళ్లు దాటినవి, 2 నుంచి 5 కిలోల బరువున్నవి తీసుకోండి. మగ, ఆడ చేపలను వేరువేరు చెరువుల్లో పెంచండి. సూది వేయడానికి ముందు రోజు మేత ఆపేయండి. మగచేప ఛాతీ రెక్క లోపలి వైపు వేలితో రాస్తే గరుకుగా తగులుతుంది, పొట్ట కొద్దిగా నొక్కితే పాలలాంటి ద్రవం వస్తుంది. ఆడచేప రెక్క నున్నగా ఉంటుంది, పొట్ట మెత్తగా ఉబ్బి, మలద్వారం ఉబ్బి గులాబి రంగులో కనిపిస్తుంది. కడుపు నిండా మేత ఉన్న చేప కూడా ఇలాగే మోసం చేస్తుంది. అనుమానముంటే సన్నని గొట్టంతో నాలుగు గుడ్లు తీసి, 70 శాతం ఆల్కహాల్ 6 పాళ్లు, ఫార్మలిన్ 3 పాళ్లు, ఎసిటిక్ ఆమ్లం 1 పాలు కలిపిన ద్రావణంలో కొన్ని నిమిషాలు ఉంచండి. గుడ్డు పారదర్శకమై కేంద్రకం బయటపడుతుంది. అది అంచుకు జరిగి ఉంటే చేప సిద్ధం, నడిమధ్యే ఉంటే తిరిగి చెరువులో వదలండి.

పీయూష గ్రంథి వాడేటట్టయితే ఆడచేపకు కిలోకు 2–3 మి.గ్రా. మొదటి మోతాదు. ఆరు గంటల తర్వాత కిలోకు 5–8 మి.గ్రా. రెండోది. మగచేపకు ఆ రెండో వేళకే ఒక్కసారి 2–3 మి.గ్రా. చాలు. గ్రంథులను కొద్ది స్వేదనజలంతో నూరి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, పైన తేరిన ద్రవాన్నే వాడాలి.

ఓవాప్రిమ్ లాంటి మందుతో ఒక్క సూదితో పని అయిపోతుంది. చేప మెదడులోని డోపమైన్ అనే రసాయనం హార్మోన్ విడుదలకు అడ్డుపడుతుంది. మందులో ఉన్న డోంపెరిడోన్ ఆ అడ్డు తీస్తే, కృత్రిమ హార్మోన్ పీయూష గ్రంథిని ప్రేరేపిస్తుంది. రిచర్డ్ పీటర్, లిన్ హావోరాన్ పరిశోధనల నుంచి వచ్చిన పద్ధతి ఇది. శీలావతి ఆడచేపకు కిలోకు 0.3–0.4 మి.లీ., బొచ్చెకు 0.4–0.5, మగచేపకు 0.1–0.2. మూడు కిలోల శీలావతికి 0.4 లెక్కన 1.2 మి.లీ. అవుతుంది, అంతా ఒకేచోట ఎక్కిస్తే కొంత బయటికి కారిపోతుంది, రెండు చోట్ల పంచండి.

సూది తోక మొదట్లో, పక్కరేఖకు (చేప పక్కన తల నుంచి తోక దాకా కనిపించే గీతకు) పైన. పొలుసు కింద నుంచి 45 డిగ్రీల కోణంలో గుచ్చాలి. 1–3 కిలోల చేపకు 22వ నంబరు సూది సరిపోతుంది, ఇంకా పెద్దదానికి 19. చేప కళ్లు తడిగుడ్డతో కప్పితే పెనుగులాట తగ్గుతుంది.

సాయంత్రం ఒక ఆడచేపకు రెండు మగచేపల చొప్పున హాపాలో (నీటిలో కట్టే వలగుడ్డ తొట్టిలో) వదలండి. మూడు కిలోల వరకు 2.5 × 1.2 × 1 మీటరు హాపా చాలు. నీరు 26–31 డిగ్రీల మధ్య ఉండాలి. 27 దగ్గర చక్కగా సాగుతుంది. పీయూష గ్రంథి రెండో సూదికి 6–8 గంటల్లో, ఓవాప్రిమ్‌కు 8–12 గంటల్లో గుడ్లు పడతాయి. ఆ మధ్యలో వల దించి చూడాలన్న ఆత్రం వద్దు, బెదిరిన చేప గుడ్లు సగమే వదులుతుంది.

పడ్డ గుడ్డు నీరు పీల్చి ఉబ్బుతుంది. ఫలదీకరణం కానిది కూడా మొదట్లో అలాగే ఉబ్బి తేటగా కనిపిస్తుంది. అందుకే ఫలదీకరణ శాతం లెక్క నాలుగైదు గంటల తర్వాతే వేయాలి, అప్పటికి చెడ్డవి తెల్లబడతాయి. గుండ్రటి పొదుగుతొట్టిలో ఘనపు మీటరుకు 7–10 లక్షల గుడ్లకు మించవద్దు. ప్రవాహం తగ్గితే గుడ్లు అడుగున పేరుకుని ఊపిరాడక చస్తాయి, మరీ పెరిగితే పొర చిరిగి పిల్ల ముందే బయటపడుతుంది. 14–18 గంటల్లో పిల్లలు వస్తాయి. ఆ సమయంలో ప్రవాహం కొంచెం తగ్గించి, తర్వాత మళ్లీ పెంచండి.

అసలు గుడ్లే పడకపోతే చాలాసార్లు కారణం ఎంపికే. పడ్డవన్నీ తెల్లబడితే గుడ్డు ముదిరిపోయిందో, మగచేప పాలు చాలలేదో అనుకోవచ్చు. మగచేపను నొక్కి చూస్తే ఏదో తేలిపోతుంది. నీరు 32 డిగ్రీలు దాటిన రోజు మాత్రం ఎవరినీ తప్పుపట్టలేం, వాన పడేదాకా ఆగడమే మేలు. అంతా సవ్యంగా సాగితే మూడో రోజుకు సొన సంచి కరిగి పిల్ల నోరు తెరుస్తుంది. నర్సరీ చెరువులో మేత సిద్ధంగా ఉంటేనే అప్పుడు వదలండి.